పళ్ళెం కడిగిపెట్టిన దెయ్యం

బొమ్మనహళ్ళిలో మా వీధి చివర, పాల బూత్‌కు ఎదురుగా, ఆకుపచ్చ గేటు ఇల్లొకటి ఉంది. చీకటి పడ్డాక ఆ ఇంటి ముందు ఎవరూ నిలబడరు. అన్నం పొట్లాలు తెచ్చే డెలివరీవాళ్ళు కూడా ఇంజను ఆపకుండానే పొట్లం అందించి వెళ్ళిపోతారు. ఇంట్లో మనుషులున్నారు. దీపాలు వెలుగుతాయి, టీవీ మోగుతుంది. అయినా చెడ్డపేరు పడిపోయింది... కిందటి వేసవిలో పడింది.

నేను దెయ్యాలను నమ్ముతానా అని అడక్కండి. అనంతపురంలో నేను కాలేజీ చదివే రోజుల్లో మా హాస్టలుకు ఒక దెయ్యం ఉండేది. వార్డెన్‌కు భయపడి సెలవుల్లోనే వచ్చేది. తర్వాత ఉద్యోగానికి ఇక్కడికి వచ్చినప్పుడు హొసూరు రోడ్డు పొడుగునా చింతచెట్లు, చెట్టుకొకటి చొప్పున దెయ్యాలు. చెట్లు కొట్టేశారు. గార్మెంట్ ఫ్యాక్టరీలు లేచాయి. ఈ ఊళ్ళో మనుషులకే పది నెలల అడ్వాన్సు లేనిదే ఇల్లివ్వరు, ఇక వాటికెవరిస్తారు? అత్తిబెలె దాటి తమిళనాడులోకి పోయి ఉంటాయని నా అనుమానం.

సరే, విషయానికి వస్తాను. ఇందులో చాలావరకు నేను చూసింది కాదు. పాల బూత్ ఓబళప్ప చెప్పగా విన్నది.

ఆకుపచ్చ గేటు ఇల్లు అశ్వత్థప్పది. బొమ్మసంద్రలో పంపుసెట్ల ఫ్యాక్టరీలో ఫోర్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. దేవుణ్ణి సగం నమ్ముతాడు, దెయ్యాన్ని అసలు నమ్మడు. అమావాస్య నాడు గడ్డం గీసుకుంటాడు. పిల్లి ఎదురొస్తే "ఊట ఆయ్తా?" అని కన్నడంలో భోజనం సంగతి అడుగుతాడు. ఎవరైనా దెయ్యమన్న మాట ఎత్తారా, "దాని ఆధార్ నంబరు చెప్పప్పా, విచారిస్తాం" అంటాడు.

భార్య మునిలక్ష్మికి ఓడ ఎక్కాలని కోరిక. వెనిస్ దగ్గర ఎక్కిస్తారు. స్ప్లిట్, దుబ్రోవ్నిక్, కోటోర్, కోర్ఫు... ఊరూరా ఆపుతూ ఏథెన్స్‌లో దింపుతారు. ఆమె ఆ పేర్లను సహస్రనామంలా కంఠస్థం చేసింది. పూలు కడుతూ ముడికో ఊరు చెప్పేది. "దుబ్రోవ్నిక్‌లో ఊరంతా చుట్టి కోటగోడ ఉండాదంట. గోడ మీదనే నడిచి రావచ్చంట!" మూడు నెలలు వింటే ఏమవుతుంది? పక్కనున్న హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ కంటే మాకు దుబ్రోవ్నిక్ దగ్గరైపోయింది.

మే నెలలో ఒక శుక్రవారం, రాహుకాలం దాటాక, వీధి వీధంతా నిలబడి వాళ్ళను కారెక్కించాం. హారతి పట్టింది అక్కయమ్మ. మా వీధిలో అందరికంటే పెద్దది, అందరికీ అవ్వ. మునిలక్ష్మికి తల్లి లేకపోతే కాన్పులప్పుడు బాలింత సేవలన్నీ ఈవిడే చేసింది. గేటుకు తాళం పడింది. కారు మలుపు తిరిగేదాకా అవ్వ చెయ్యి ఊపుతూనే ఉంది.

రెండు రోజులకు వీధి వాట్సాప్ గ్రూపులో ఫోటోలు మొదలయ్యాయి. వెనిస్ కాలువలు. స్ప్లిట్‌లో రాతి మెట్లు. ఒక్కదాంట్లోనూ వీళ్ళ ముఖాలు లేవు. అడిగితే, "తీసేది ఈయన కదా, చెయ్యి వణుకుతాది" అని మునిలక్ష్మి జవాబు.

అదే వారం... ఓబళప్ప రాత్రి బూత్ మూసి, పాల ట్రేలు సర్దుతున్నాడు. వీధిలో కుక్క కూడా లేదు.

ఎదురింట్లో — తాళం వేసిన ఇంట్లో — కుక్కరు కూసింది.

పూర్తిగా కూయలేదు. కూత మొదలై, ఎవరో గొంతు పట్టుకుని నులిమినట్టు... సగంలో ఆగిపోయింది.

ఓబళప్ప చేతిలోంచి ట్రే జారింది. తాళం చూశాడు. తాళం ఉంది. కిటికీలు చూశాడు. చీకటి. కాసేపటికి ఉడికిన అన్నం వాసన, మెల్లగా, గేటు దాటి వచ్చింది.

మర్నాడు గోడకవతల కాపురముండే దేవదానానికి చెప్పాడు. దేవదానం గార్మెంట్ ఫ్యాక్టరీలో టైలర్ మాస్టరు, ఆదివారం తప్పకుండా చర్చికి పోయే మనిషి. అతను గొంతు తగ్గించి, "నేనెవరికీ చెప్పలేదప్పా. రాత్రి ఆ ఇంట్లో ఫ్లష్ చేసినారు," అన్నాడు.

"దెయ్యం ఫ్లష్ ఎందుకు చేస్తాది?"

"అదే నాకూ అనుమానం. దెయ్యాలుండాయని మా పాస్టరు చెప్తాడు గానీ, ఇంత శుభ్రమని చెప్పలా."

ఆ రాత్రి ఓబళప్ప బూత్ షట్టరు సగం దించి, దాని వెనక కూర్చున్నాడు. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత... ఎదురింటి వంటింటి కిటికీలో నీలంగా ఒక వెలుగు. ఆ వెలుగు మీద ఒక ముఖం తేలింది. కళ్ళు కిందికి వాలి ఉన్నాయి. చెంపలు పీక్కుపోయి ఉన్నాయి. మాసిన గడ్డం.

అశ్వత్థప్ప.

సరిగ్గా అప్పుడే ఓబళప్ప జేబులో ఫోను గంట కొట్టింది. తీసి చూశాడు. కోటగోడ. దాని కింద నీలంగా సముద్రం. "దుబ్రోవ్నిక్ వచ్చినాం. ఇక్కడ ఎండ బాగుండాది."

తలెత్తి చూస్తే, కిటికీలో ఏమీ లేదు.

మర్నాడు సాయంత్రం బూత్ దగ్గర పంచాయితీ.

"అశ్వత్థప్పన్న పోయినాడు," అన్నాడు ఓబళప్ప.

"యాడికి?" అంది అవ్వ.

"యాడికేంది అవ్వా... పోయినాడు."

ఓడ మునిగుంటే టీవీలో రాదా అన్నాడు దేవదానం. ఓడ మునగాలనేముంది, మనిషొక్కడే పడొచ్చు కదా అన్నారు ఇంకొకరు. అయితే ఫోటోలెవరు పంపుతున్నారు? పోనీ, గ్రూపులోనే అడిగేద్దామా? కానీ ఏమని అడుగుతారు? 'మీరు బతికుండారా' అని పదిమందిలో అడగడం మర్యాద కాదు కదా. ఓబళప్ప ఫోను చేశాడు. మోగింది, మోగింది... ఎత్తలేదు. కాసేపటికి నాలుగు ముక్కలు వచ్చాయి. "నడి సముద్రం. మాట వినపడదు."

ఓబళప్ప ఆ ముక్కలను అందరికీ చదివి వినిపించాడు.

"అక్షరాలు ఎవురైనా కొడతారు," అంది అవ్వ. "పాపం, ఆ దేశంలో ఏం పెట్టినారో ఏమో, పచ్చాకులు. ఆకలితో పోయింటాడు. కాబట్టే వంటింట్లో తిరుగుతాండాడు."

ఆ రాత్రి ఆవిడ రాగిముద్ద, ఉలవల సారు పళ్ళెంలో పెట్టి ఓబళప్ప చేతికిచ్చింది. అతను ఆంజనేయుణ్ణి తలుచుకుంటూ పోయి, తాళం వేసిన గేటు మీద నుంచి వంగి లోపలి అరుగు మీద పెట్టి, వెనక్కి చూడకుండా వచ్చేశాడు.

తెల్లవారి చూస్తే పళ్ళెం ఖాళీ. అది పెద్ద విశేషం కాదు, పిల్లి తినొచ్చు. కానీ ఆ పళ్ళెం... తళతళా కడిగి, గోడ మీద బోర్లించి ఉంది.

అవ్వ పళ్ళేన్ని రెండు చేతులా తీసుకుంది. తిప్పి చూసింది. కింద కూలబడింది.

"ముని కూడా పోయింది," అంది.

"ఎట్లా చెప్తావవ్వా?"

"ఎవురింట్లో తిన్నా పళ్ళెం కడిగి బోర్లించనిదే లేయదు అది. నా దగ్గరే నేర్చుకునింది." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మంచి గడియ చూసి పంపిస్తిని కదరా. నేను చూసిన గడియే ఇద్దర్నీ మింగింది."

ఆ పూట నుంచి అక్కయమ్మ తినడం మానేసింది. రోజూ ముద్ద చేసేది, పళ్ళెం పంపేది. తన నోట్లో మాత్రం మజ్జిగ తప్ప ఏమీ పోసుకోలేదు. చూస్తుండగానే చాపకు అంటుకుపోయింది. మనవడు డాక్టర్ను పిలిపించాడు. డాక్టరు రోగమేమీ లేదని, తినకపోతే మాత్రం ఎక్కువ రోజులు నిలవదని చెప్పిపోయాడు. వీధిలో నవ్వులు ఆగిపోయాయి. ఇంతవరకూ కాలక్షేపంగా ఉన్న దెయ్యం, ఇప్పుడు బతికున్న మనిషిని తీసుకుపోయేటట్టుంది.

ఇక ఆ రాత్రి. ఓబళప్ప ఎప్పటిలా పళ్ళెం పట్టుకుని గేటు దాకా వచ్చాడు. కరెంటు లేదు. గేటు మీద చెయ్యి వేశాడో లేదో —

గడ... గడ... గడ...

ఇంటి పక్క సందులోంచి. చక్రాల చప్పుడు. ఆగింది. మళ్ళీ... గడ గడ.

ఓబళప్ప గేటును గట్టిగా పట్టుకున్నాడు. సందు చీకట్లోంచి రెండు ఆకారాలు వచ్చాయి. ముందు పొడుగాటిది, వెనక పొట్టిది. పాదాలు వెనక్కి తిరిగున్నాయా అని చూశాడు. ఇద్దరికీ తెల్లటి కొత్త బూట్లు. బూట్లేసుకుంటే ఎట్లా తెలిసేది?

పొడుగు ఆకారం అతన్ని చూసి ఆగిపోయింది.

"అన్నా..." ఓబళప్ప మనసులో ఆంజనేయుణ్ణి తలుచుకున్నాడు. "యాడికి పోతాండారు?"

"ఎయిర్‌పోర్టుకు," గుసగుసగా అంది ఆకారం.

"ఎందుకన్నా?"

"ఇంటికి వచ్చేదానికి."

చచ్చినవాళ్ళు ఇట్లాగే అంతులేకుండా తిరుగుతుంటారని ఓబళప్ప చిన్నప్పుడు విన్నాడు. పళ్ళెం జారి రోడ్డు మీద ఖంగున మోగింది.

"అయ్యో, సారంతా పాయె!" అంది పొట్టి ఆకారం. "ఈపొద్దు ఇంగువ వేసినట్టుండాది కూడా!"

ఓబళప్పకు అప్పుడు ప్రాణం లేచి వచ్చింది. ఇంగువ కోసం దుఃఖపడే దెయ్యాన్ని అతనెక్కడా వినలేదు. చెయ్యి చాచి అశ్వత్థప్పను గిల్లాడు.

"ఏమప్పా, నొప్పిరా!"

ముగ్గురూ సందులోకి పోయి, సూట్‌కేసుల మీద కూర్చున్నారు.

తర్వాతి సంగతి ఎవరికీ చెప్పనని ఓబళప్ప నా చేత ఒట్టు వేయించుకున్నాడు. నేను చెప్పడం లేదు, రాస్తున్నాను. మా వీధిలో అందరూ మాట్లాడేది తెలుగే, చదువుకున్నది మాత్రం కన్నడం. ఇది చదవగలిగినవాణ్ణి ఆ వీధిలో నేనొక్కణ్ణే.

"ఆ పొద్దు పెందలాడే బయల్దేరదామని లేస్తిమి," అన్నాడు అశ్వత్థప్ప. "అవ్వ వచ్చి సూట్‌కేసు మీద కూర్చునింది. రాహుకాలంలో గడప దాటనియ్యను అనింది. ఆయమ్మ వయసేమి, నేనేం చేసేది? మెడ పట్టి లాగేదా? అది దాటేదాకా నిలిస్తిమి. సిల్క్‌బోర్డు దగ్గర ట్రాఫిక్‌లో కారు ఇరుక్కునింది, కదలదే! అక్కడే అయిపోయిందప్పా మా యూరప్. మేము పోయేసరికి విమానం ఎగిరిపోయింది."

"ఇంకో విమానం పట్టుకోకూడదా?"

"ఓడ నిలవద్దా? మన సిటీ బస్సా, చెయ్యెత్తితే ఆగేదానికి?"

"దానికి ఇంట్లో దాక్కునేదేంది? జరిగిందేందో చెప్తే పోయె!"

ఈ మాటకు మునిలక్ష్మి అందుకుంది. "ఎవురికి చెప్పేదన్నా? అవ్వకా? నీ వల్లనే నా ఓడ పోయిందని? మా అమ్మ కంటే ఎక్కువ చూసుకునింది నన్ను. ఆ మాట వింటే మళ్ళీ నా మొగం చూస్తాదా?" కళ్ళు తుడుచుకుంది. "ఎవురూ లేనప్పుడు వెనక వాకిలి నుంచి లోపలికి వస్తిమి. కుక్కరు కూతకు గుడ్డ అడ్డం పెడితిని. ఓడలో తిందామని కట్టుకున్న చట్నీపొడి ఇంట్లోనే తింటిమి. ఇంటర్నెట్లో ఫోటోలు ఏరి పంపిస్తిమి. ఓడ తిరిగొచ్చే రోజుకి మేమూ దిగితే సరిపోతాదని."

ఓబళప్ప అవ్వ అన్నం ముట్టి ఎన్నాళ్ళయిందో చెప్పాడు.

మునిలక్ష్మి లేచి వీధిలోకి పరుగెత్తబోయింది. అశ్వత్థప్ప చెయ్యి పట్టుకున్నాడు.

"ఇప్పుడు పోతే, తలుపు తీసేసరికి చచ్చినోళ్ళిద్దరూ నిలబడుంటారు. ఆ గుండె తట్టుకుంటాదా? తెల్లారనీ. కారులో దిగుదాం."

తెల్లారింది. కారు వచ్చి ఆగింది. వీధి వీధంతా తలుపుల్లోంచి తొంగిచూసింది గానీ, ఒక్కరూ గేటు దాటలేదు. మునిలక్ష్మి బూట్లు విడిచి, ఒట్టి పాదాలు అందరికీ కనపడేటట్టు నడుచుకుంటూ అక్కయమ్మ ఇంట్లోకి పోయింది.

అవ్వ కళ్ళు తెరిచింది. ముందు పాదాలు చూసింది. తర్వాత చెయ్యి తడిమింది. వేడిగా ఉంది.

"ఏమే... బతికుండావా?"

"చావడానికి తీరికేదవ్వా, అన్ని ఊర్లు తిప్పినారు."

వేడి ముద్ద తెప్పించి, ఒడిలోకి అవ్వ తల తీసుకుని, మునిలక్ష్మి తినిపించడం మొదలుపెట్టింది. తినిపిస్తూ చెప్పింది. వెనిస్‌లో వీధుల్లో నీళ్ళు, గడప దిగితే పడవ. అవ్వ ఒక ముద్ద మింగింది. స్ప్లిట్‌లో ఎవరో రాజు కట్టించిన పాత కోటలో ఇప్పటికీ కాపురాలు, అక్కడే గుడ్డలు ఆరేసుకుంటారు. ఇంకో ముద్ద. దుబ్రోవ్నిక్ గోడ మీద నడుస్తుంటే కింద సముద్రం, పైన గువ్వలు, కాళ్ళ నొప్పులు... ఓబళప్పకు అంతా తెలుసు. అయినా నోరు తెరుచుకుని విన్నాడు. పూలు కడుతూ మూడు నెలలు తిరిగిన ఊళ్ళు అవి. ఆమెకు వాటిలో కొత్త ఏముంది?

కోర్ఫు దగ్గర అవ్వ నోరు మూసుకుంది.

"మీరు సముద్రంలో ఉంటిరి. సరే. అయితే ఇంట్లో ఉండింది ఎవురు?"

మునిలక్ష్మి ఇంకో ముద్ద తుంచింది.

"దొంగేమో," అన్నాడు దేవదానం గుమ్మంలోంచి.

"దొంగ పళ్ళెం కడుగుతాడా? ఈయన మొగం పెట్టుకొని కిటికీలో నిలుస్తాడా?" అవ్వ అశ్వత్థప్ప వైపు తిరిగింది. "నువ్వు చెప్పు. ఎవురు తినింది నేను పంపిన ముద్ద?"

మునిలక్ష్మి వేళ్ళ మధ్య ముద్ద గాలిలో నిలిచిపోయింది. అవ్వ పెదవులు బిగించే ఉన్నాయి. ఓబళప్ప నేల చూపులు చూస్తున్నాడు. అశ్వత్థప్ప భార్య చేతిని చూశాడు, ఆ బిగిసిన పెదవులను చూశాడు.

"దెయ్యమేనవ్వా," అన్నాడు.

అవ్వ నోరు తెరిచింది.