ఫ్రీజర్ తలుపు వెయ్యండి!

"ముందు ఆ తలుపు వెయ్యండి!"

అతను ఆమెతో అన్న మొట్టమొదటి మాట ఇది. ప్రేమకథకు ఇంతకన్నా మంచి ఆరంభం దొరకలేదా అని తర్వాత చాలాసార్లు తనను తనే తిట్టుకున్నాడు.

ఐస్‌క్రీమ్ షాపులో నిలువెత్తు ఫ్రీజర్‌ను బార్లా తెరిచి, ఏ డబ్బా తియ్యాలా అని తీరిగ్గా ఆలోచిస్తున్న అమ్మాయి గిరుక్కున వెనక్కి తిరిగింది. ముక్కు మీద మంచుపొడి, చేతిలో స్కూపు.

"ఎవరండీ మీరు? మా ఫ్రీజర్, మా తలుపు, మా ఇష్టం!"

"విద్యుత్ పొదుపు ఆఫీసు నుంచి వచ్చానండీ. దేశమంతా కరెంటుకు కటకటలాడుతుంటే మీరు వీధికంతా ఏసీ వేస్తున్నారు."

"ఓహో, కరెంటు డాక్టరుగారా! అయితే నాడి చూడండి."

గల్లాపెట్టె దగ్గర వాళ్ళ నాన్న పేపరు చాటున నవ్వుకున్నాడు. వచ్చినతనికి కరెంటు డాక్టరన్న పేరు ఖాయమైపోయింది.

నెలాఖరున ప్రతి షాపులోనూ ఒక రోజు వాడకం కొలుస్తారు. ఐదోవంతు తగ్గకపోతే ఇక ఆ షాపుకు సాయంత్రం పూట కరెంటు ఉండదు. అప్పుడు ఐస్‌క్రీమ్‌కు బదులు తియ్యటి పాలు అమ్ముకోవాలి. అందుకే ఆమె మూతి ముడుచుకుంటూనే అతను చెప్పినవన్నీ చేసింది. పట్టపగలు వెలిగే బోర్డు లైట్లు ఆర్పేసింది. వేడి బయటికి పోయేలా ఫ్రీజర్‌ను గోడ నుంచి జానెడు ముందుకు జరిపించింది.

చివరికి అతను ఒక తెల్లకాగితం తలుపు సందులో పెట్టి మూశాడు.

"లాగండి."

లాగింది. సుళువుగా జారి వచ్చేసింది.

"చూశారా? అంచు రబ్బరు వదులైంది. చల్లదనమంతా ఇక్కణ్ణుంచే పోతోంది. బాగా పట్టుకున్న తలుపైతే, లాగినా కాగితం రాకూడదు."

"ఎంత లాగినా?"

"ఎంత లాగినా."

ఆమె అతని కళ్ళలోకి చూసింది. అతను చేతిలోని మీటర్ వంక చూశాడు. మీటర్ అసలు ఆన్ చెయ్యలేదు.

కొత్త రబ్బరు బిగించి వెళ్ళాడు. రెండు రోజులకే ఫోన్.

"డాక్టరుగారూ, పేషెంటుకు మళ్ళీ సీరియస్!"

పరుగున వచ్చాడు. రబ్బరు ఓ మూల ఊడి వేలాడుతోంది. సరిచేశాడు. మళ్ళీ ఊడింది. మళ్ళీ వచ్చాడు. వాన కూడా సరిగ్గా అతను వచ్చినప్పుడే మొదలై, ఓ పట్టాన తగ్గేది కాదు. తగ్గేలోపు ఆమె కొత్తగా చేసిన ఐస్‌క్రీమ్‌లు రుచి చూడాల్సి వచ్చేది. కాదంటే బాగోదని తినేవాడు. రెండేసి కప్పులు తినేవాడు.

నెలాఖరు రానే వచ్చింది. రబ్బరు మళ్ళీ ఊడే ఉంది.

"రేపే కొలతండీ," అన్నాడు, ఆమె వంక చూడకుండా. "ఇదెందుకు నిలవట్లేదో అంతుపట్టట్లేదు."

నాన్న పేపరు పక్కన పడేశాడు. "నే చెప్తా బాబూ. నువ్వు మలుపు తిరగ్గానే మా అమ్మాయి స్క్రూడ్రైవర్ తీస్తుంది!"

"నాన్నా!" ఆమె ముఖం స్ట్రాబెర్రీ డబ్బాతో పోటీ పడింది.

"నాన్నా లేదు, గీన్నా లేదు. షాపు చీకటైపోతే ఎవరికి అమ్ముతావే?"

అతను గొంతు సవరించుకున్నాడు. "తప్పు ఆవిడొక్కరిదే కాదండీ. నేనూ ప్రతిసారీ కింది స్క్రూ వదులుగా ఉంచే వెళ్ళాను."

పెద్దాయన ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "అయితే మధ్యలో నలిగిపోయింది నా ఫ్రీజరన్నమాట! ఇద్దరూ కలిసి బిగించండి. రేపు షాపు పాసవ్వకపోతే ఇద్దరి సంగతీ చెప్తా!"

మర్నాడు షాపు పాసైంది. అతను ఆఖరిసారిగా కాగితం పెట్టి లాగాడు. ఊహూ, కదల్లేదు. సంతోషించాల్సింది పోయి, అతనికి ఏడుపొచ్చినంత పనైంది.

"ఇక నేను రావాల్సిన పని లేదండీ."

"పని లేకుండా రాలేరా?"

అతని గుండె పాత కంప్రెసర్‌లా దడదడలాడింది. అతనికిష్టమైన డబ్బా కోసం ఫ్రీజర్ తెరిచిన ఆమె, డబ్బా మాట మరిచిపోయి అతని చెయ్యి పట్టుకుంది.

"లాగండి."

లాగాడు. రాలేదు. నిజం చెప్పాలంటే అతను లాగనేలేదు.

"మీరంటే నాకిష్టం," అంది ఆమె.

"నాకైతే, మీ మీద అరిచిన రోజు నుంచే," అంటూ రెండో చెయ్యి కూడా ఇచ్చేశాడు.

గల్లాపెట్టె దగ్గర నుంచి కేక వినిపించింది. "పెళ్ళి దగ్గరుండి నేనే చేయిస్తా గానీ, ముందు ఆ తలుపు వెయ్యండి!"

కరెంటు డాక్టరు భుజంతో తలుపు నెట్టాడు. చేతులు ఖాళీ లేవు మరి.