మరుగుపూత

పోలీసు స్టేషను గోడ మీద చిలకమ్మ చూపు నడుస్తోంది. మొన్న అడవిలో ఆమె చూసిందంతా కంట్లో అమర్చిన కనుపొర రికార్డు చేసింది. తుప్పల నీడ, తడి నేల, తెల్లటి పువ్వు, దాని గొంతులో పసుపు. పువ్వు పక్కన అక్షరాలు వెలిగాయి: చుక్కదుంప, తినవచ్చు. తర్వాత గునపం, బుట్టలో పడిన దుంపలు.

ఎస్సై త్రినాథరావు బొమ్మ ఆపాడు.

"తవ్వింది మంచి దుంప, ఉడకేసింది మంచి దుంప. మరి మీ అత్త ఎలా చచ్చిపోయింది? కుండలో విషం కలిపిందెవరు?"

"నానేటీ కలపనేదు బాబూ. ఆకలంటే ముందు ఆవిడికెట్టినాను. నాకూ అదే కూడు, నాను తినీలోగానే ఆవిడ పడిపోనాది."

గుమ్మంలో నిలబడ్డ ఆమె భర్త సింహాద్రి ఊగిపోయాడు. "కన్ను అబద్దమాడతాదేటే? నీకూ మాయమ్మకీ పడదని ఊరందరికీ తెలుసు. సంపీసి కతలు సెప్తన్నావా?"

పుష్పరక్షణ విభాగం అధికారి నీలవేణి బెంచీ మీద కూర్చుని ఉంది. వాళ్లింట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి. కనుపొర చూపిన పేరు నిజమేనని సంతకం పెట్టమని ఆమెను పిలిపించారు. కానీ ఆ చోటు ఆమెకు తెలుసు. అక్కడ పూసేవాటిలో సగం చుక్కదుంపలు కావు, కాటుకదుంపలు. అవే ఆకులు, అవే తెల్లటి రేకులు. గొంతు మాత్రం ఊదా రంగు. ఆ దుంప తింటే గుండె ఆగిపోతుంది.

మందులకు అమ్ముకునే దొంగలు కాటుకదుంపను మొదలంటా తవ్వుకుపోతుంటే, విభాగం మరుగుపూత కనిపెట్టింది. పుట్టిన ప్రతి బిడ్డకూ కనుపొర వేస్తున్న రోజులు కదా, అందరి కళ్లలోనూ ఆ ఊదా గొంతుకు పసుపు పూసి, చుక్కదుంప అని పేరు చూపించారు. దొంగలకు పువ్వు దొరకలేదు. పువ్వు బతికింది, అక్క పక్కన చెల్లెల్లా విస్తరించింది. విభాగానికి సన్మానాలు జరిగాయి. చుక్కదుంపను కొండమీద జనం వండుకు తింటారన్న సంగతి ఆ సభలో ఒక్కరికీ తట్టలేదు.

నీలవేణి లేచింది. ఆధారంగా తెచ్చిన బుట్టలోంచి పూలతో ఉన్న రెండు కాడలు తీసి బల్ల మీద పెట్టింది.

"సార్, ఈ రెండూ ఒకటేనా?"

"ఒకటే. రెండూ చుక్కదుంపే."

"ఇప్పుడు కళ్లు మూసుకుని కాడలు తడమండి."

ఆయన నవ్వాడు. "ఏంటి మేడం, దాగుడుమూతలా?"

"తడమండి సార్!" ఆమె గొంతు పెద్దదయింది.

ఒక కాడ నున్నగా జారింది. రెండోది గరుకుగా, సన్నటి నూగుతో వేలికి పట్టుకుంది. త్రినాథరావు కళ్లు తెరిచాడు. రెండూ ఒకటే. మళ్లీ మూసుకున్నాడు. అతని మొహంలో నవ్వు పోయింది.

"నూగున్నది విషం సార్. కంటికి పూత పూయగలిగాం కానీ వేలికి పూయలేకపోయాం. ఈమె తవ్వినవాటిలో అదీ ఉంది. చంపింది ఈమె కాదు, మా విభాగం."

"మెల్లగా మేడం." అతను తలుపు వైపు చూశాడు. "ఏ పువ్వుకు మరుగుపూత ఉందో బయటపెడితే ఏడేళ్లు జైలు. చట్టం రాసింది మీవాళ్లే. పైగా తడిమి తెలుసుకున్నది కోర్టులో చెల్లదు. మీరే నోరు విప్పి వాంగ్మూలం ఇస్తే తప్ప..."

"రాసుకోండి."

"చదువుకున్నవాళ్లు, ఆలోచించుకోండి."

"చదువుకున్నవాళ్లే కదా సార్ ఈ పూత పూసింది! రాసుకోండి."

ఆమె మొత్తం చెప్పింది. ఎక్కడెక్కడ పూత ఉందో చోట్లతో సహా చెప్పింది. త్రినాథరావు చివరి దాకా రాసి, చిలకమ్మ చేతి సంకెల విప్పి, కాసేపు దాన్ని చూస్తూ నిలబడి, నీలవేణి చేతికి వేశాడు.

సింహాద్రి బల్ల దగ్గరికొచ్చి కళ్లు మూసుకుని కాడలు తడిమాడు. చాలాసేపు వదల్లేదు.

"సిలకా, నాకు తెలవలేదే. కన్ను సూపించింది కదాని..."

"నన్నడిగినావా?" అంది చిలకమ్మ. "ఇన్నేళ్లు కాపరం సేసినావు. ఒక్కపాలి, నువ్వు కలిపినావా సిలకా అని అడిగినావా?"

అతను కాడలు బల్ల మీదే వదిలేశాడు.

ఆమె నీలవేణి దగ్గరికి వెళ్లి సంకెల ఉన్న చేతిని రెండు చేతులతో పట్టుకుంది. తర్వాత ఆసుపత్రి వైపు నడిచింది, అత్త శవాన్ని తెచ్చుకోవడానికి. సింహాద్రి వెంట వస్తుంటే వెనక్కి తిరిగి, "నువ్వు రాకు" అంది.