మరచిపోయిన చరణం

రష్యాలోని పీటర్స్‌బర్గ్ మీద, వేసవిలో అక్కడ మామూలే అయినట్టు, రాత్రంతా చీకటి పడనే లేదు. జూన్ పొద్దు నేవా నది నీళ్ల మీద పాలమీగడలా పరుచుకుని ఉంది. రొదియోన్ వంటింటి కిటికీ దగ్గర కూర్చుని ఆ రోజు షూటింగులో చెప్పాల్సిన మాటలు వల్లె వేసుకుంటున్నాడు. ఒకప్పుడు అతని గిటారు మోగితే ఈ ఊరి కుర్రకారు ఊగిపోయేది. ఇప్పుడు సినిమాల్లో ఓడ కెప్టెన్లు, పెద్ద డాక్టర్ల వేషాలు వేస్తున్నాడు. వీధిలో జనం అతణ్ణి ఆ వేషాల పేర్లతోనే పలకరిస్తారు.

భార్య తైసియా రవ్వ జావ వడ్డిస్తుండగా కూతురు ఉల్యానా వచ్చి, వైద్య కళాశాల మానేశాననీ, సాయంత్రం తన బృందంతో కచేరీ ఉందనీ నెమ్మదిగా చెప్పింది. రొదియోన్ ముఖం మాడిపోయింది. చదువు పాడుచేసుకోవద్దన్నాడు. పాటను నమ్ముకుంటే నడిమధ్యలో వదిలేస్తుందన్నాడు. తైసియా సర్దిచెప్పబోయింది కానీ ఇద్దరూ వినలేదు.

"నువ్వు వదిలేశావని నేనూ వదిలేయాలా నాన్నా? సినిమా వాళ్లు పిలవగానే గిటారు మూలపడేశావు."

"సినిమా పిలిచిందని కాదే. పారిపోయాను."

ఆ మాట తైసియాకూ కొత్తే. రొదియోన్ తల వంచుకుని చెప్పాడు. తన చివరి కచేరీలో, తను రాసిన పాటే రెండో చరణం దగ్గర మరచిపోయాడు. ఎవరో ఈల వేశారు. గిటారు దించి వెనక గుమ్మంలోంచి వెళ్లిపోయాడు. సినిమాలో మాట తడబడితే మళ్లీ తీస్తారు. ఆ ధైర్యంతోనే ఇన్నేళ్లూ నటించాడు.

"నీకా గతి పట్టకూడదని," అన్నాడు.

ఉల్యానా టీ అయినా తాగకుండా వెళ్లిపోయింది.

సాయంత్రం షూటింగు అయ్యాక రొదియోన్ కాళ్లు ఇంటివైపు సాగలేదు. కాలవ పక్కన నేలమాళిగలో, ఉల్యానా కచేరీ జరుగుతున్న చిన్న క్లబ్బుకు వెళ్లి వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాడు. కూతురి గొంతు నదిమీద మంచులా మెల్లగా కమ్ముకుంది. అతనికి తేలిపోతున్నట్టు అనిపించింది. అంతలో, మూడో పాట మధ్యలో, ఆమె ఆగిపోయింది. పెదవులు కదిలాయి, మాట రాలేదు. ఈల వినబడుతుందేమోనని రొదియోన్ చెవులు రిక్కించాడు.

ఉల్యానా జనం వైపు చూసి నవ్వింది. "మరచిపోయానండీ. మొదటినుంచి పాడనా?"

జనమంతా నవ్వి చప్పట్లు కొట్టారు. ఆమె మళ్లీ ఎత్తుకుంది.

ఇంతేనా, అనుకున్నాడు రొదియోన్. ఇంత చిన్న మాట అడగలేక తన పాటనే పోగొట్టుకున్నాడు. చెంపల మీద కన్నీళ్లు జారుతున్నా తుడుచుకోలేదు.

బయట కాలవ మీద వెలుగు ఇంకా తగ్గలేదు. కచేరీ అయ్యాక, తన కోసం నిలబడ్డ తండ్రిని చూసి ఉల్యానా గుమ్మంలోనే ఆగిపోయింది. ఎలా పాడానని అడగడానికి భయపడింది. రొదియోన్ ఆమె భుజం మీది గిటారు పెట్టె అందుకుని తన భుజానికి తగిలించుకున్నాడు.

"అమ్మ ఎదురుచూస్తుంటుంది, పద," అన్నాడు. "దారిలో ఆ మూడో పాట నాకు నేర్పు."