కడిగిన ఇల్లు

ఆ రోజుల్లో ఇల్లు కొనడానికి వచ్చేవాళ్ళు గదులు కొలిచేవాళ్ళు కాదు. నేరుగా వంటింట్లోకి పోయి, జేబులోంచి ముక్కుపెట్టె తీసి గోడకు ఆనించేవాళ్ళు.

ఇళ్ళ అమ్మకాల్లో కులం, మతం అడ్డు రాకూడదని ప్రభుత్వం చట్టం తెచ్చింది. అమ్మకానికి పెట్టిన ఇంటికి నంబరే ఉంటుంది. పేరు చెప్పకూడదు, అడగకూడదు. పటాలూ ఫోటోలూ ముందే దించేయాలి. చట్టం వచ్చిన కొద్ది నెలలకే బజారులోకి ముక్కుపెట్టె దిగింది. గోడల్లో చెమ్మ కనిపెట్టడానికని అట్టపెట్టె మీద రాసి ఉండేది గానీ, చెమ్మ కోసం దాన్ని కొన్నవాడు ఒక్కడూ లేడు. గోడ పైకి గట్టిగా కనిపించినా లోపలంతా సన్నని రంధ్రాలే. ఏళ్ళ తరబడి వండిన వంటల పొగ వాటిలో ఇరుక్కుని ఉంటుంది. పెట్టె ఆ గాలి పీల్చి, అణువులను విడదీసి తెరమీద చూపిస్తుంది: నెయ్యి, కర్పూరం, ఎండుచేపలు, గొడ్డుమాంసం. మనిషి చెప్పకపోతేనేం, గోడ చెప్పేది.

కాకినాడ మెట్టకాలనీలో నూకరత్నం ఇంటి గోడ ఎండుచేపలని చెప్పింది. వచ్చినవాళ్ళు గాలి రాదనో, మెట్లు ఎత్తనో అని వెళ్ళిపోయారు. నూకరత్నం రసాయన శాస్త్రవేత్త. ఆ కోపంతోనే సహోద్యోగి సోమయాజులుతో కలిసి రెండేళ్ళు కూర్చుని గోడలు కడిగే యంత్రం తయారుచేసింది. టిఫిన్ క్యారియర్ అంత ఉంటుంది. చప్పుడు చేయదు, ఒకచోట పెడితే నిమిషాల్లో ఇల్లంతా కడిగేస్తుంది. అల్ట్రాసోనిక్ తరంగాలతో గోడ రంధ్రాలను వణికించి, అందులోని అణువులను లాగి బొగ్గుపొరలో బంధిస్తుంది. సోమయాజులు దానికి 'గంధహారిణి' అని పేరు పెట్టాడు. నూకరత్నం వదిన చిట్టెమ్మ 'గోడకడుగు' అంది. జనానికి చిట్టెమ్మ పెట్టిన పేరే నోరు తిరిగింది.

ఈ కార్తీకం లోపు ఇల్లు అమ్ముడైతే, సముద్రం మీద కడుతున్న తేలుడు ఊళ్ళో అన్నావదినలు గుమ్మానికే పడవ కట్టుకునే ఇల్లు తీసుకోవచ్చు. లేకపోతే ఆ చోటు వేరేవాళ్ళకు పోతుంది, పడవ కట్టుకునే చోటు లేక అన్న చేపల వేట మానుకోవాల్సిందే.

"ఏటి రత్నం, ఇల్లు కడిగావా, పీనుక్కి నీళ్ళోసావా? మన కొంపేనా ఇది?" అంది చిట్టెమ్మ, ఖాళీ వంటిల్లు వాసన చూసి.

"అమ్ముడుపోనీ వదినా. ఆ ఊరెళ్ళాక నీ ఇష్టమొచ్చినన్ని ఎండబెట్టుకో."

మర్నాడు మొగుడూ పెళ్ళాం వచ్చారు. గోడకు పెట్టె ఆనించారు. తెర ఖాళీ. ఇంకో గోడ. ఖాళీ. ఆవిడ కొంగు దగ్గరకు లాక్కుని మొగుడి చెవిలో, "కడిగించారండీ. దాచుకునేదేదో ఉంటేనే గదా కడిగిస్తారు" అంది. ఇచ్చిన మంచినీళ్ళు ముట్టకుండా వెళ్ళిపోయారు.

"చూసావా?" అంది చిట్టెమ్మ. "ఇదివరకు చేపలోళ్ళమని ఒక్కటే అనుకునేవోళ్ళు. ఇప్పుడు ఏటేటి అనుకుంటున్నారో!"

ఆ వారమే సోమయాజులు కూడా ఇల్లు అమ్మకానికి పెట్టాడు. ప్రకటనలో అన్నిటికంటే పెద్ద అక్షరాలు ఇవి: 'కడగని ఇల్లు'.

నూకరత్నం యంత్రం సంచిలో వేసుకుని బయల్దేరింది. సోమయాజులు ఇంటి పెరటి తలుపులోంచి వెళ్ళి, వంటింటి గట్టు మీద పెట్టి, మీట నొక్కి హాల్లోకి వచ్చింది.

"రావమ్మా రత్నం! కాఫీ తాగుతావా? కొనేవాళ్ళొచ్చే వేళయింది" అన్నాడు సోమయాజులు.

"మీ ఇల్లు కడగలేదేం?"

ఆయన నవ్వాడు. "మా ఇంట్లో ఏముందమ్మా కడగడానికి?"

"మా ఇంట్లో ఏదో ఉందనేగా మరి!"

"ఛ ఛ, నా ఉద్దేశం అది కాదు. మా నాయనమ్మ కాచిన నెయ్యి, నాన్నగారు వెలిగించిన కర్పూరం... అవి జ్ఞాపకాలమ్మా. ఎలా చెరుపుకుంటాం?"

నూకరత్నానికి ఒళ్ళు మండిపోయింది. "మీవి జ్ఞాపకాలు, మావి మురికీనా? మా అమ్మ ఎండు మెత్తళ్ళు వేయించిన పొగలో కూర్చుని చదువుకున్నాను నేను. ఆ పొగని నా చేతుల్తోనే తుడిచేశాను. మీలాంటివాళ్ళు పదిమంది కడిగించి ఉంటే, కడిగిన ఇల్లంటే మామూలు ఇల్లయ్యేది. పేరు పెట్టడానికి మీరూ, వాడుకోవడానికి మేమూనా?"

"అరవకమ్మా, పక్కింటివాళ్ళు వింటారు. నీ బాధ నాకు తెలుసు. దీని మీద ఒక వ్యాసం రాస్తాను."

"వ్యాసం అక్కర్లేదు. మీ వంటింట్లో యంత్రం పెట్టే వచ్చాను."

ఆయన వంటింట్లోకి పరుగెత్తి వెళ్ళేసరికి పచ్చదీపం వెలుగుతోంది. ఇల్లంతా కడగడం అయిపోయింది. "ఎంత పని చేశావే!" అని ఆయన నెత్తి పట్టుకోగానే గేటు దగ్గర గంట మోగింది.

వచ్చినాయన పెద్దమనిషి. సోమయాజులు భార్య ఇచ్చిన కాఫీ అందుకుని, "ఫిల్టరు కాఫీ!" అని సంబరపడ్డాడు. ఒక చేత్తో గ్లాసు, ఒక చేత్తో ముక్కుపెట్టె. వంటింటి గోడ చూశాడు. పెట్టెను రుమాలుతో తుడిచి మళ్ళీ చూశాడు. పూజగది గోడ చూశాడు. అప్పుడు సోమయాజుల్ని పైనుంచి కిందికి చూశాడు.

"చట్టం ఒప్పుకోదనుకోండి. అయినా... మీ ఇంటిపేరేమిటన్నారు?"

సోమయాజులు గబగబా చెప్పాడు. అడగకుండానే గోత్రం కూడా చెప్పాడు. అదీ చాలదేమోనని చొక్కా గుండీలు విప్పి జంధ్యం బయటికి లాగాడు.

పెద్దమనిషి మర్యాదగా నవ్వాడు.

"కడిగిన ఇళ్ళవాళ్ళందరూ అదే చెబుతున్నారండీ. జంధ్యందేముంది, ఏ కొట్లోనైనా దొరుకుతుంది" అని, సగం తాగిన కాఫీ కింద పెట్టేశాడు.