ఎడమ చెవి కేసు

"నేను తప్పు చేశానో లేదో మీరే తేల్చాలి మేడమ్," అన్నాడు వచ్చిన మనిషి.

గుమాస్తా చేతిలో పెన్ను ఆగిపోయింది. బ్యాంకులో రిటైరై, ఇంట్లో తోచక ఈ డిటెక్టివ్ ఆఫీసులో చేరిన మనిషి ఆయన. ఇక్కడికొచ్చే వాళ్లంతా ఎదుటివాడి తప్పు పట్టుకోమనేవాళ్లే. తన తప్పు తేల్చమన్నవాణ్ని ఆయన ఇదే చూడటం. ఆఫీసు నడిపే మేడమ్ మాత్రం కనురెప్ప ఆర్పలేదు. సన్నగా, నిటారుగా ఉండే ఆవిణ్ని చాటున అందరూ గుండుసూది అంటారు. గుచ్చే గుణం కూడా ఉంది కాబట్టి ఆ పేరు ఊడలేదు.

అతను గిటారిస్టు. మామగారైన మాస్టారి ఆర్కెస్ట్రాలో వాయిస్తాడు. మాస్టారి పెద్దల్లుడు కీబోర్డు, ఇతను చిన్నల్లుడు, ఇతని భార్య గాయని. గిటారు శబ్దం గదికి రెండు వైపులా ఉన్న రెండు స్పీకర్లకు వెళుతుంది. మధ్యలో ఇతని కాలి కింద ఒక పెడల్. మడమ నొక్కితే మోతంతా ఎడమ స్పీకర్‌లోకి, మునివేళ్లు నొక్కితే కుడి స్పీకర్‌లోకి పోతుంది. మెల్లగా తొక్కుతూ ఉంటే పాట లేచి గదిలో నడిచి వెళుతున్నట్టుంటుంది. జనం ఆ నడకకే పడిపోయారు. పెద్దల్లుడికి అక్కడే కడుపు మండింది.

కిందటి వారం మాస్టారి ఇంట్లోనే జరిగిన రిహార్సల్లో ఇద్దరికీ మాటా మాటా పెరిగింది. "నీ చెవులు పగలగొడతా," అని ఇతను నోరు జారాడు. ఆ కసిలోనే మడమ తొక్కి తీగలు గట్టిగా బాదాడు. పెద్దల్లుడు కూర్చునేది ఎడమ స్పీకర్ పక్కనే. చెవి పట్టుకుని కుప్పకూలాడు. ఆ చెవి ఇక లేనట్టేనని తర్వాత డాక్టరు రాసిచ్చాడు.

"రేపు పోలీసు రిపోర్టు ఇస్తానన్నారు మామయ్య. ఇంట్లోంచి, బృందంలోంచి నన్ను వెళ్లిపొమ్మన్నారు. మా ఆవిడ కూడా నాతో మాట్లాడటం లేదు." అతను తన కుడి పాదం వంక పరాయివాడి కాలిని చూసినట్టు చూశాడు. "కోపం వచ్చింది నిజమే మేడమ్. కానీ మనిషిని చెవిటివాణ్ని చేసేంత కోపమా? అప్పట్నుంచి గిటారు ముట్టుకోలేదు."

ఆ మధ్యాహ్నమే ముగ్గురూ మాస్టారి ఇంటికి వెళ్లారు. మంచినీళ్లు కూడా ఇచ్చేవాళ్లు లేరు. గడప దాటుతుండగానే మాస్టారు అల్లుడి వంక చూసి, ఇల్లు కూల్చింది చాలక పరువు వీధిలో పెట్టడానికి మనుషుల్ని కూడా తెచ్చాడా అని గొణిగారు. గుమాస్తాకు తల కొట్టేసినట్టయింది. మేడమ్ ఇలాంటివన్నీ దులిపేసుకునే రకం.

చిన్నకూతుర్ని అడిగితే ఆమె గోడవైపు తిరిగి సమాధానం చెప్పింది.

"ఆయన కావాలనే చేశారు. బావగారి మీద ఆయనకున్న కోపం నాకు తెలుసు."

గుమ్మంలో నిలబడ్డ భర్త ఆ మాట విన్నాడు. గుమాస్తాకు మాత్రం ఆ పిల్ల మీద పట్టరాని కోపం వచ్చింది.

పెద్దల్లుడు ఎడమ చెవిలో దూది పెట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. డాక్టరు ఎలా పరీక్షించాడని మేడమ్ అడిగింది. కర్ణభేరి బాగానే ఉందన్నాడట, లోపలి నరం చచ్చిపోయి ఉంటుందన్నాడట. శబ్దం వినిపించినప్పుడల్లా బటన్ నొక్కమంటే, ఎడమవైపు ఒక్కసారి కూడా నొక్కే పని పడలేదట. మేడమ్ వింటూనే అతని వెనక్కి నడిచింది. ఆమె చేతిలోని తాళాల గుత్తి జారి అతని ఎడమవైపు నేలమీద పడింది. పెద్దల్లుడు చటుక్కున ఎడమ భుజం మీదుగా వెనక్కి చూశాడు.

"క్షమించండి, చెయ్యి జారింది," అందావిడ.

తర్వాత ఆమె గుమాస్తా జేబులోంచి పెన్సిలు చెరిపే రబ్బరు అడిగి తీసుకుంది. ఎందుకో ఆయనకు అంతుపట్టలేదు. పెడల్ చూస్తానని కాసేపు దాని ముందు మోకాళ్ల మీద కూర్చుంది. లేచాక గిటారిస్టును తొక్కి చూడమంది. అతను మడమ నొక్కి, ఏదో అడ్డుపడ్డట్టు తలెత్తాడు. ఆవిడ చూసిన చూపుకు నోరు మూసుకున్నాడు.

"అందరూ రండి. రేపు పోలీసులు అడిగేది ఇవాళే తేల్చుకుందాం," అని పిలిచింది. ప్రాక్టీసుకు వాడే పెద్ద హెడ్‌ఫోన్లను స్పీకర్ల బదులు పెట్టించింది. అవి పెట్టుకుని, గిటారిస్టుకు వీపు చూపిస్తూ కూర్చోమని పెద్దల్లుణ్ని కోరింది. గిటారు వినపడుతున్నంతసేపూ చెయ్యి ఎత్తి ఉంచాలి. వినపడకపోతే దించాలి.

"నాకేం భయం?" అన్నాడు పెద్దల్లుడు.

గిటారిస్టు ఒకే స్వరాన్ని అదే జోరుతో మళ్లీ మళ్లీ మీటాడు. మునివేళ్లు నొక్కినప్పుడు పెద్దల్లుడి చెయ్యి నిటారుగా ఉంది. గిటారిస్టు పాదం వెనక్కి వాలింది. మడమ దిగుతూ దిగుతూ ఆగింది. ఎత్తిన చెయ్యి మెల్లగా ఒళ్లోకి దిగిపోయింది.

"చూశారుగా," అన్నాడు పెద్దల్లుడు. "ఎడమకు వచ్చేసరికి చీకటే."

మేడమ్ కాలు కదపొద్దని, మీటడం ఆపొద్దని గిటారిస్టుకు చెప్పింది. హెడ్‌ఫోన్లు తీసి, కుడివైపు చిప్పను మాస్టారి చెవికి ఆనించింది.

మాస్టారి ముఖం పాలిపోయింది. "వినపడుతోంది," అన్నారాయన. "కాస్త తగ్గింది గానీ, స్పష్టంగా వినపడుతోంది."

"అది మీ పెద్దల్లుడి మంచి చెవిలో మోగుతున్న గిటారు మాస్టారూ. ఎడమ చెవి నిజంగా చచ్చిపోయి ఉంటే ఆయన దీన్ని వినాలి, చెయ్యి దించకూడదు." ఆమె పెడల్ మీద మడమ ఆనే చోటు కిందినుంచి రబ్బరు ముక్క లాగి చూపించింది. "ఇది అడ్డం ఉన్నంతసేపూ మోత పూర్తిగా ఎడమకు పోదు. ఎక్కువ ఎడమకు, తక్కువ కుడికి. ఒకే శబ్దం రెండు చెవుల్లో పడి, ఒకవైపు జోరుగా ఉంటే, మొత్తం అటే ఉన్నట్టు అనిపిస్తుంది. రెండోవైపుది మనం వినం. పాట నడిచినట్టు అనిపించేదీ అందుకే. ఈయనకు గిటారు ఎడమకు వెళ్లిపోయినట్టు తోచింది, చెయ్యి దించేశాడు. అలా తోచాలంటే రెండు చెవులూ పనిచెయ్యాలి."

తాళాల గుత్తి ఎందుకు జారిందో గుమాస్తాకు అప్పుడు వెలిగింది. ఒక్క చెవితో చప్పుడు వినపడుతుంది గానీ, ఎటునుంచి వచ్చిందో అంత తేలిగ్గా తెలియదు. అయినా ఈయన తడుముకోకుండా సరిగ్గా అటే తిరిగాడు. గుమాస్తాకు ఆవిడకు చేతులెత్తి దండం పెట్టాలనిపించింది.

పెద్దల్లుడు దూది పీకి నేలకేసి కొట్టాడు. "ఆ పూట చెవి హోరెత్తింది నిజం. మర్నాటికి తగ్గిపోయింది. అయితే ఏంటి? ఈ బృందాన్ని నిలబెట్టింది నేను. ఇప్పుడు జనం నా చేతుల్ని చూడరు, వాడి కాలిని చూస్తారు. మీరూ అంతే మామయ్యా. వచ్చే ఏడు బృందాన్ని వాడికే అప్పగిస్తానని అత్తయ్యతో అనలేదూ?"

అన్నానన్నట్టు తల ఊపారు మాస్టారు. ఇక పెద్దల్లుడు అక్కడ నిలవలేదు. అడ్డొచ్చిన స్టాండును తన్నేసి బయటికి పోయాడు.

మేడమ్ గిటారిస్టు వైపు తిరిగింది. "మీరు అడిగిందానికి సమాధానం. కోపంతో తొక్కారు. అది తప్పే, మీ నోరు, మీ కాలు అదుపులో ఉంచుకోండి. కానీ ఎవరి చెవీ పోలేదు."

అతను ముఖం కప్పుకుని ఏడ్చాడు. మాస్టారు దగ్గరికొచ్చి, పొరపాటైపోయింది బాబూ అని, స్పీకర్లు మళ్లీ తగిలించి, ఒక్క పాట వాయించమని బతిమాలారు. చిన్నకూతురు వచ్చి కుడి స్పీకర్ పక్కన నిలబడింది. ఎప్పుడూ పాడేది అక్కడే నిలబడి.

"ఏమండీ," అంది మెల్లగా.

అతను గిటారు ఎత్తుకున్నాడు. పెడల్ మీద పాదం పెట్టి, మడమను చివరిదాకా నొక్కాడు. ఇప్పుడు అడ్డం రబ్బరు లేదు. పాటంతా ఎడమ స్పీకర్‌లోంచి, పెద్దల్లుడి ఖాళీ కుర్చీ మీదుగా వచ్చింది. చాలా బాగా వాయించాడు. భార్య పక్కనున్న స్పీకర్‌లోంచి మాత్రం ఒక్క స్వరం రాలేదు. ఆమె కాసేపు ఎదురుచూసింది. తర్వాత అర్థమై, దాని మీద చెయ్యి ఆనించి అలాగే నిలబడిపోయింది.

గుమాస్తా పాట అయ్యేదాకా ఆ పాదం వంకే చూశాడు. అది ఒక్కసారి కూడా మునివేళ్ల మీదికి వాలలేదు. మేడమ్ ఆయన రబ్బరు ఆయనకిచ్చి, ఇక వెళదాం పదండి అంది.