నాకున్న ఒక్క అర్హత

కస్టమ్స్ ఆఫీసర్ కావాలంటే డిగ్రీ ఉండాలి. వయసు ముప్ఫై దాటకూడదు. దేశమంతా రాసే పరీక్షలో నెగ్గాలి. ఆ తర్వాత నడవాలి, సైకిల్ తొక్కాలి. డిగ్రీ, వయసు నాకే కాదు, నాలాంటి లక్షల మందికున్నాయి. పరీక్ష రెండుసార్లు రాసి రెండుసార్లూ బోల్తా కొట్టాను. మిగిలింది సైకిల్. మా ఊరు నెక్కొండలో చిన్నప్పటి నుంచీ బడికి సైకిల్ మీదే పోయినవాణ్ణి, అందులో మాత్రం నన్ను కొట్టేవాడు లేడు.

ఆ రోజు పొద్దున హన్మకొండ ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో నడుస్తుంటే వెనక నుంచి ఒక సైకిల్ వచ్చి గుద్దింది. నేనూ, సైకిలూ, దాని మీది అమ్మాయీ ఒకేచోట పడ్డాం.

"బ్రేక్ వెయ్యరాదా?" అన్నాను.

"బ్రేక్ ఏడుందో చూసేలోపే మీరు అడ్డమొచ్చిన్రు."

"నేను ముందట పోతున్న. మీరే ఎన్కనుంచి వచ్చిన్రు."

"సరే, గట్లనే అనుకోన్రి," అని నవ్వుతూ మోచేతి మట్టి దులుపుకుంది. తప్పు తనదే, దయతలిచింది మాత్రం నన్ను.

"స్కూటీ నేర్సుకోరాదు? గిప్పుడు సైకిలెందుకు?"

ఆమె ముఖంలో నవ్వు పోయింది. "స్కూటీ వస్తది. కస్టమ్స్ టెస్టుల స్కూటీ పెట్టరు గదా."

పేరు స్నేహలత. ఉండేది వరంగల్ కొత్తవాడలో. నాన్న ఎల్లస్వామి జంపఖానాలు నేస్తాడు. నన్ను రెండుసార్లు పడగొట్టిన పరీక్షను ఈమె మొదటిసారే గెలిచేసింది. వచ్చే నెల హైదరాబాద్‌లో ఇరవై అయిదు నిమిషాల్లో మూడు కిలోమీటర్లు సైకిల్ తొక్కాలి. అది రాకపోతే ఆ పోస్టు లేనట్టే.

నాకు కుళ్లు పుట్టింది, అబద్ధమెందుకు. అయినా నోట్లోంచి "నేను నేర్పుత" అని వచ్చేసింది.

"ఫీజెంత సార్?"

"ఒక ఛాయ్."

నా పేరు కొమురెల్లి, మా తాత పేరు. విన్నవాళ్లంతా నవ్వుతారు. అందుకే ఆ 'సార్' నాకు హాయిగా ఉంది.

హాయి అంతవరకే. ఆమె పెడల్ ఒక్కసారి తొక్కేది, ఆగేది. సైకిల్ ఒరిగేది. సీటు పట్టుకుని వెనక పరుగెత్తి నా చెప్పులు తెగాయి. ఒకరోజు వాన దంచింది. ఇద్దరం బురదలో పడ్డాం. నన్ను చూసి ఆమె పడీపడీ నవ్వింది. ఆ నవ్వు కోసం ఇంకోసారి పడొచ్చనిపించింది.

"ఎందుకు ఆగుతున్నవ్?" అనడిగాను.

"నేను ఆగుతలేను సార్. కాళ్లే ఆగుతున్నయి." నవ్వుతున్నదల్లా కళ్లు తుడుచుకుంది. "నడుం నొస్తున్నా మా నాయిన మగ్గం మీద కూసోనే నన్ను చదివిచ్చిండు. సైకిల్ రాక నౌకరీ పోయిందని ఆయనకెట్ల చెప్పాలె?"

మర్నాడు ఆమె రాలేదు. ఉండబట్టలేక కొత్తవాడ పోయాను. నాన్నకు నడుం పట్టేసిందట, మగ్గం మీద స్నేహలతే కూర్చుంది. ఒక కాలితో తొక్కింది. ఆగింది. నూలు దాటించి, దువ్వెనలాంటి ఇనుప పంజాతో దాన్ని దబదబా కొట్టింది. అప్పుడు రెండో కాలు. తొక్కడం, ఆగడం, కొట్టడం, మళ్లీ తొక్కడం.

గడప దగ్గరే గట్టిగా నవ్వేశాను.

"ఏంది పిలగా, మా పని నవ్వులాటగుందా?" మంచం మీది నుంచి ఎల్లస్వామి గద్దించాడు.

"అయ్యో, గట్ల గాదు కాకా. మీ బిడ్డ సైకిల్ మీద గూడ జంపఖానా నేస్తాంది."

ఆయనకు అర్థం కాలేదు. స్నేహలతకు అర్థమైంది. పంజా ఆమె చేతిలో అలాగే ఉండిపోయింది.

మర్నాడు గ్రౌండ్‌లో ఒకే మాట చెప్పాను. "ఇక్కడ పంజా లేదు. చేతులకు కొట్టే పని లేదు. కాళ్లు దేనికోసమూ ఆగొద్దు." కొంతదూరం పరుగెత్తి సీటు వదిలేశాను. ఆమె గ్రౌండంతా చుట్టి, చివరికి మళ్లీ వచ్చి నన్నే గుద్దింది. బ్రేక్ పాఠం ఇంకా మొదలుపెట్టలేదు మరి.

టెస్టు రోజు సాయంత్రం వరంగల్ స్టేషన్లో రైలు కోసం నిలబడ్డాను. గెలిస్తే ఏ ఊరికో వెళ్లిపోతుంది. ఓడితే ఏడుస్తుంది. అయినా గెలవాలనే మొక్కుకున్నాను.

రైలు దిగి నా ముందుకొచ్చింది.

"పంజా ఇంట్లనే వదిలేసి పోయిన సార్. పాసైన." చేతిలోని సంచి నాకందించి, "ఇగ సార్ అనుడు బంద్" అంది.

"మరి ఏమంటవ్?"

"కొమురెల్లి అంట. మంచిగుంది పేరు. నా ఎన్క గంతగనం ఉరికినవ్, నాకు థ్యాంక్స్ అంటే సాల్తలేదు. ఏడ పోస్టింగొచ్చినా నువ్వు పక్కన ఉండాలె."

"నాకు నౌకరీ లేదు స్నేహా."

"ఉరికే కాళ్లున్నయి గద. మల్లా రాయి. నేను చదివిస్త."

ఎవరికీ పనికిరాననుకున్న నన్ను ఆమె సైకిల్ వచ్చి గుద్దింది. ఆ దెబ్బకు నేనే ఋణపడ్డాను.

వాళ్లింటికెళ్తే ఎల్లస్వామి మంచం దిగి, తను నేసిన కొత్త జంపఖానా నేల మీద పరిచాడు.

"కూసో. పరీక్ష మల్లా రాస్తవా?"

"రాస్త కాకా."

"కాక గాదు," అన్నాడు బిడ్డ వైపు చూస్తూ. "మామ అను."

అన్నాను. నాకే సరిగా వినబడలేదు. మళ్లీ అన్నాను.