వోల్గాలో ఎండుద్రాక్ష

"పంపు దొరకలేదా?"

మా షెడ్డులో బండి కింద వెల్లకిలా పడుకుని ఉన్నాను. అక్కణ్ణుంచి రెండు బురద బూట్లు మాత్రమే కనిపిస్తున్నాయి. గొంతు మాత్రం తెలుసు. తోక్‌మోక్ అనే మా కిర్గిజ్ ఊరి బజారులో పాత బండ్ల సామాన్ల కొట్టు నడిపే బురుల్.

"దొరకలేదు," అన్నాను.

"బజారంతా గాలించావట. మా కొట్టు ఒక్కటే వదిలేశావు. చలికాలం నుంచీ ఈ పంపు మా దగ్గరే పడుంది." రెండు బూట్ల మధ్య ఒక అట్టపెట్టె ధడేలుమని దిగింది.

ఆమెకి కోపం రావడం న్యాయమే. తిరిగి కోపం తెచ్చుకునే ఓపిక నాకు లేదు. అది మా తాత వదిలివెళ్లిన వోల్గా కారు, నాకంటే రెట్టింపు వయసు. శనివారం వస్తే రిబ్బన్లు కట్టుకుని ఊళ్లో పెళ్లికూతుళ్లని మోస్తుంది. మిగతా వారమంతా దాన్ని నేను మోస్తాను. ఈ వసంతంలో ఆయిల్ ప్రెషర్ ముల్లు పడిపోయింది. స్టార్ట్ చేస్తే ఇంజన్‌లోంచి టకటకమని చప్పుడు. ఆయిల్ పంపు మార్చాలి. మార్చాలని నాకు లేదు.

ఎందుకంటే వచ్చే శనివారానికి బండి మాట్లాడుకున్నది బురుల్‌ని కోడలిగా చేసుకోవాలనుకుంటున్నవాళ్లు. పెళ్లికొడుకు తల్లి కమ్మలు పట్టుకుని నా బండిలోనే వాళ్లింటికి వెళ్తుంది. ఆ కమ్మలు పిల్ల చెవులకి పెట్టిందంటే మాట ఖాయమైనట్టే. ఆపైన ఇంకెవరూ ఆ గుమ్మం తొక్కరు. ఆ కమ్మల్ని నా చేతులతో నేనే అక్కడికి చేర్చాలట.

"బండి లేకపోతే వాళ్లు ఇంకో కారు చూసుకుంటారు. తెలుసా?"

"తెలుసు."

"మరెందుకీ నాటకం?"

"నాటకం కాదు. అలసట."

"నువ్వు ఏడవకుండా ఆవులిస్తూ పుట్టావటగా. మీ అమ్మే చెప్పింది."

అంతలో వాన మొదలైంది. ఇక వెళ్లిపోతుందిలే అనుకున్నాను. వెళ్లలేదు. కోటు మేకుకి తగిలించి, జడ కాలరు లోపలికి దోపుకుని, అట్టముక్క పరుచుకుని నా పక్కకి దూరింది. ఆమె భుజానికీ నా భుజానికీ మధ్య జానెడు జాగా కూడా లేదు. రెండేళ్లుగా అక్కర్లేని బోల్టులు కొన్నది ఈ మనిషి కొట్టులోనే. ఒక్కసారీ నోరు పెగల్లేదు.

"స్పానర్ అందుకో," అంది.

నూనె ముందే కార్చేశాను. ఇద్దరం బోల్టులు విప్పి ఇంజన్ అడుగున నూనె నిలిచే చాంబర్ దించాం. పంపు మూతికున్న జల్లెడలోకి బురుల్ టార్చ్ వేసింది. వేలు పెట్టి నల్లటిదేదో గీకి తీసి వాసన చూసింది.

"ఎర్మెక్, ఇంజన్‌లో పులావు వండుతున్నావా?"

"ఏంటది?"

"ఎండుద్రాక్ష. వేగి బొగ్గయింది. ఇదిగో ఇంకోటి. ఇదిగో."

జల్లెడ నిండా అవే. నూనె అందక పాత పంపు పళ్లన్నీ అరిగిపోయాయి. ఎక్కణ్ణుంచి వచ్చాయా అని చాలాసేపు ఆలోచించాను.

"మీ అన్న పెళ్లి," అన్నాను. "వదినని మీ గేటు ముందు దించేసరికి ఇంజన్ కాగిపోయింది. బానెట్ ఎత్తి, మూత తీసి నూనె పోస్తున్నాను. మీ ఆడవాళ్లు మిఠాయిలూ ఎండుద్రాక్షా చల్లుతున్నారు. ఎవరో ఒకావిడ పెళ్లికూతురి మీద చల్లబోయి ఇటు విసిరింది. ఏం గురో ఏమో."

బురుల్ టార్చ్ ఆర్పేసింది.

"గురి బాగానే ఉంది. నీ మీదే చల్లాను, గుప్పిళ్లకి గుప్పిళ్లు. దున్నపోతు మీద వాన కురిసినట్టే, తలెత్తి చూస్తేగా."

ఎన్నాళ్ల నిద్రో ఒక్కసారిగా వదిలింది నాకు.

"టోపీలో కూడా దొరికాయి," అన్నాను మెల్లిగా.

"ఏం చేశావు?"

"తినేశాను. ఆకలేస్తోంది అప్పుడు."

ఆమె నవ్విన నవ్వుకి బండి కింద దుమ్మంతా నా కళ్లలో పడింది. కళ్లు తుడుచుకుంటూనే అడిగాను.

"మరి శనివారం వాళ్లు?"

"మా నాన్న ఔననలేదు, కాదనలేదు. రమ్మన్నాడు. అంతకంటే ముందే ఎవరివైనా కమ్మలు నా చెవులకుంటే వచ్చినవాళ్లు టీ తాగి వెళ్తారు." టార్చ్ మళ్లీ వెలిగించింది. "వాళ్లని మోసుకు రమ్మని పంపు తెచ్చాననుకున్నావా? నాకీ బండి శుక్రవారానికి కావాలి."

సిగ్గుపడకుండా చెప్తున్నాను, సంతోషం పట్టలేకపోయాను. పెట్టెలోంచి కొత్త పంపు తీసి గబగబా బిగించబోయాను. బురుల్ మణికట్టు పట్టుకుంది.

"ఎండు పంపు బిగిస్తావా? ముందు నూనె పట్టించు. నీలాగే, నోట్లో పోస్తే గాని పని మొదలెట్టదు."

పంపులో నూనె పోసి, అది నిండేదాకా ఇరుసు వేలితో తిప్పింది. అన్నీ బిగించి, కొత్త నూనె పోసి స్టార్ట్ చేశాం. ప్రెషర్ ముల్లు కాసేపు కదల్లేదు. తర్వాత నెమ్మదిగా లేచి నిలబడింది. టకటక ఆగిపోయింది.

శనివారం వాళ్లకి ఇంకో కారు చూసుకోమని కబురు పెట్టాను. బండికేమైందని అడిగారు. బాగైందని చెప్పాను.

శుక్రవారం అమ్మ తన చెవుల కమ్మలు తీసి, చున్నీ కొంగుతో తుడిచి, రుమాల్లో మూట కట్టుకుంది. "ఇన్నాళ్లకి నోరు తెరిచావురా," అంటూ పెళ్లికూతుళ్లు కూర్చునే వెనక సీట్లోనే కూర్చుంది.

గేటు దగ్గర బురుల్ నాన్న నా వంక చూడలేదు. ఇంజన్ చప్పుడు విన్నాడు.

"పంపు మార్చావా?"

"మార్చాను, బాబాయ్."

"ఎవరు బిగించారు?"

"మీ అమ్మాయి."

"మాతో ఒక్క ముక్క అనలేదు," అంటూ గేటు తెరిచాడు.

లోపల అమ్మ కమ్మలు పెట్టేదాకా నేను వాకిట్లోనే నిలబడ్డాను. చాలాసేపటికి బురుల్ గుమ్మంలోకి వచ్చింది. చెవులకి మా అమ్మ కమ్మలు, చేతిలో గుప్పెడు ఎండుద్రాక్ష.

బానెట్ మూసే ఉంది. ఈసారి నేను తలెత్తే ఉన్నాను.